ఈదమ్మ మోకాళ్ళకు ఎర్ర లైటు

పరమేష్‌కు ఒక జబ్బు ఉంది. ఏ వస్తువైనా కొనకముందు నెల రోజులు దాని గురించి చదువుతాడు, కొన్నాక మరో నెల రోజులు దాని గురించే చెబుతాడు. ఇబ్రహీంపట్నంలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రీషియన్ కాబట్టి, కరెంటుతో నడిచే ప్రతి వస్తువూ తనను అడిగే పుట్టిందని అతని లెక్క. కూలర్ కొన్ననాడు గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో కాగితం మీద బొమ్మ గీసి ఇంటిల్లిపాదికీ చూపించాడు. అలాంటి మనిషికి తల్లి మోకాళ్ళ నొప్పీ, ఫోన్‌లో నొప్పులు తగ్గిస్తుందనే ఎర్ర లైటు ప్యానెలూ ఒకే వారంలో ఎదురుపడ్డాయి. ఇక అతని భార్య వనిత చెవులకు తీరిక ఎక్కడిది?

నొప్పి మాత్రం తమాషా కాదు. అతని తల్లి ఈదమ్మ సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. పద్నాలుగేళ్లుగా నూట ఇరవై మంది పిల్లలకు అన్నం, పప్పు, కూర. పొయ్యి నేల మీదే కాబట్టి పనంతా గొంతుక్కూర్చుని చేసేదే. మార్చిలో ఒకనాడు పప్పు గిన్నె దగ్గర కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేకపోయింది. ఇద్దరు టీచరమ్మలు చెరో రెక్క పట్టుకుని లేపారు. హెడ్మాస్టరు మంచివాడే, గట్టిగా ఏమీ అనలేదు. "పెద్దమ్మా, సెలవులల్ల మోకాళ్ళు జర చూపించుకో. జూన్ల బడి తెరిచేనాటికి గిట్లనే ఉంటే ఇంకొకరిని పెట్టుకోక తప్పది" అన్నాడు.

ఆ రోజు ఈదమ్మ ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. భర్త నారయ్య పోయిన ఏడాదే ఆమె బడిలో గంటె పట్టింది. ఆమె చేతి అన్నం తిన్న పిల్లలు ఇప్పుడు బండ్ల మీద పోతూ పోతూ ఆగి, "వంటమ్మా, మంచిగున్నవా" అని పలకరిస్తారు. ఆ పిలుపంటే ఆమెకు ప్రాణం.

"గంటె పోతే నేనేం జెయ్యాలె కొడకా? గోడలు సూసుకుంట కూసోవాల్నా?" అని అడిగి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తండ్రి పోయిన తర్వాత తల్లి ఏడవడం పరమేష్ అదే చూడటం.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి నాలుగు మాటలు చెప్పాడు. అరిగింది మళ్ళీ మొలవదు, తొడలకు బలమొచ్చేలా రోజూ వ్యాయామం చెయ్యాలి, బరువు తగ్గాలి. ఎర్ర లైటు పెట్టొచ్చా సార్ అని పరమేష్ అడిగితే, "కొందరికి నొప్పి జర తగ్గుతది, కొందరికి ఏం గాదు. పెట్టి చూడు. వ్యాయామం మాత్రం బంద్ చెయ్యొద్దు" అన్నాడు. ఇన్ని మాటల్లో పరమేష్ చెవికెక్కింది "పెట్టి చూడు" ఒక్కటే.

ఇక ఎంపిక మొదలైంది. అన్నం ముందు ఫోను, బండి మీద సిగ్నల్ పడితే ఫోను. ఎరుపు కాంతి ఆరు వందల అరవై నానోమీటర్లు ఉండాలంట. కంటికి కనబడని ఎరుపు ఎనిమిది వందల యాభై అంట. తోలుకు మొదటిది చాలట గానీ మోకాలి లోపలికి పోవాలంటే రెండోది కూడా కావాలంట. ఒకటి మొహానికి పెట్టుకునేదట, ఒకటి అరచెయ్యంత కూడా లేదట, ఒకదాని మీద అసలు నంబర్లే రాయలేదట.

"నంబర్ రాయనోడు దొంగ" అని తీర్పు చెప్పాడు పరమేష్.

వనిత పెద్ద అంబర్‌పేట్ దగ్గర ఒక ప్యాకింగ్ కంపెనీలో పని చేస్తుంది. పొద్దున ఏడింటికల్లా బస్సెక్కాలి. "ఏదో ఒకటి కొను. లేకుంటే ఎన్మిది వందల యాభై అని నా నెత్తి మీద రాయి" అంది. ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది.

మొదట వచ్చిన ప్యానెల్‌కు పరమేష్ తన మీటరు పెట్టి చూశాడు. డబ్బా మీద రాసిన వాట్లలో సగం కూడా తాగడం లేదు. తిట్టుకుంటూ తిప్పి పంపాడు. రెండోది వచ్చి, పరీక్షలో పాసయ్యేసరికి ఏప్రిల్ ఆఖరు. బడికి సెలవులు కూడా ఇచ్చేశారు.

చేటంత ప్యానెల్. స్విచ్ వేయగానే హాలంతా ఎర్రబడింది. ఈదమ్మ దగ్గరికొచ్చి వంగి చూసింది.

"సగం బల్బులు ఎలుగుతలేవు బిడ్డా. మోసపోయినవ్."

"గవి ఎలుగుతున్నయే అమ్మా. మన కంటికి కనవడవు. గవే అసలైనవి."

"కనవడనివి అసలైనవా?" అని ఈదమ్మ కోడలి వైపు చూసింది. వనిత అప్పటికే మొహం తిప్పుకుని నవ్వుతోంది.

దాన్ని ఎక్కడ పెట్టాలన్న దగ్గర చిన్న పేచీ వచ్చింది. ఆ ఇల్లు ఎంతనీ? ఒక హాలు, వంటగది, తలుపున్న పడకగది ఒకటి. పడకగది పరమేష్, వనితలది. ఈదమ్మా, ఇద్దరు మనవరాళ్ళూ హాల్లోనే పడుకుంటారు. వీధి తలుపు తెల్లారి తీస్తే మళ్ళీ పడుకునేటప్పుడే వేసేది. పగటిపూట తలుపు మూసి ఉంటే ఆ వాడలో ఇంట్లో ఎవరికో ఏదో అయిందనుకుని పది మంది వచ్చి నిలబడతారు.

"మన రూంల పెట్టరాదు" అంది వనిత.

"మన రూం ప్లగ్గుకు ఎర్తింగ్ లేదే. గింత మంచి ప్యానెల్‌ను ఎర్తింగ్ లేకుంట ఎట్ల పెడుతరు?" అన్నాడు పరమేష్.

వాడలో సగం ఇళ్ళకు ఎర్తింగ్ వేసింది ఈ మహానుభావుడే. తన పడకగదికి మాత్రం ఎనిమిదేళ్లుగా ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అంటూ దాటేస్తున్నాడు. దీపం కింద చీకటి అని పెద్దలు ఊరికే అనలేదు. ప్యానెల్ హాల్లో, వీధి తలుపుకు ఎదురుగా ఉన్న గోడ దగ్గర కొలువుదీరింది.

అక్కడితో ఆగినా బాగుండేది. పక్కింట్లో ఉండే మల్లేశయ్య, నారయ్యకు సొంత అన్న, రోజూ పొద్దున చాయ్ తాగి పేపరు చదవడానికి వీళ్ళింటికే వస్తాడు. ప్యానెల్ చూసి పెదవి విరిచాడు. "గీ ఎర్ర లైట్లు పెండ్లి పందిట్ల మస్తు చూసిన గదరా" అన్నాడు. పరమేష్‌కు పౌరుషం పొడుచుకొచ్చింది. ఆరు వందల అరవై దగ్గర మొదలుపెట్టి అరగంట చెప్పి, చివరికి, "నీ బుజం నొప్పికి నువ్వు గూడ కూసో పెద్దబాపూ. అమ్మది అయినంక రోజూ నీ వంతు" అన్నాడు. తల్లిని ఒక్క మాట అడగలేదు. ఈదమ్మ అప్పుడు వంటింటి గడప దగ్గర తల మీద కొంగు సర్దుకుంటూ నిలబడి ఉంది.

పరమేష్ పద్ధతిగా చేశాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కుర్చీ ఎక్కడుండాలో టేపుతో కొలిచి, నాలుగు కాళ్ళ కింద పెయింటుతో గుర్తులు పెట్టాడు. కళ్ళకు నల్లద్దాలు, పదిహేను నిమిషాలకు దానంతటదే ఆగిపోయేలా టైమరు. రోజూ పావు తక్కువ ఎనిమిదికి తల్లిని కూర్చోబెట్టి, "చీర మోకాళ్ళ మీదికి జరుపు అమ్మా. బట్ట అడ్డముంటే పని చెయ్యది" అనేవాడు. అని వెంటనే గోడ వైపు తిరిగేవాడు. ఎంత కొడుకైనా తల్లి మోకాళ్ళ వైపు చూస్తూ నిలబడతాడా?

"జరిపినవా?"

"జరిపిన బిడ్డా."

స్విచ్ వేసి, అటే బయటికి నడిచి, బండి తీసి డ్యూటీకి పోయేవాడు.

సాయంత్రం లెక్క అడిగేవాడు. పదికి ఎంత నొప్పి అంటే ఈదమ్మకు అర్థం కాలేదు. "రూపాయికి ఎంత?" అని మార్చి అడిగితే, "బారాణ" అంది. అంటే ముప్పావు వంతు. మల్లేశయ్య తనది నిండు రూపాయి అన్నాడు. పరమేష్ ఒక నోటుబుక్కులో ఇద్దరివీ రాసుకున్నాడు.

రెండు వారాలకు మల్లేశయ్య ఆఠాణకు, అంటే సగానికి దిగాడు, మూడు వారాలకు చారాణ, పావు వంతు. చెయ్యి తల మీదికి ఎత్తి వాడంతా తిరిగి చూపించాడు. అది లైటు మహిమో, భుజం తనంతట తనే కుదురుకుందో ఎవరు చెప్పగలరు? పరమేష్ మాత్రం తనే తగ్గించినంత సంబరపడ్డాడు. కానీ ఈదమ్మ పేజీలో బారాణ, బారాణ, మళ్ళీ బారాణ. గడప దిగాలంటే ఇంకా ద్వారబంధం పట్టుకోవాల్సిందే.

పరమేష్‌కు చిర్రెత్తుకొచ్చింది. అదే లైటు, అవే పదిహేను నిమిషాలు, ఆయనకు తగ్గి ఈమెకు ఎందుకు తగ్గదు? కుర్చీ రెండు అంగుళాలు ముందుకు జరిపి కొత్త గుర్తులు పెట్టాడు. కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పే సారును మెట్ల మీద ఆపి అడిగాడు. పప్పు మానమన్నాడు, పప్పు తినమన్నాడు. పొద్దున కూర్చోబెట్టేటప్పుడూ, సాయంత్రం లెక్క అడిగేటప్పుడూ విసుక్కోవడమే. మే మూడో వారంలో ఒక సాయంత్రం ఈదమ్మ మళ్ళీ "బారాణ" అనేసరికి నోటుబుక్కు మంచం మీదికి విసిరికొట్టాడు.

"నీకసలు తగ్గాలని లేదు! నేనొక్కన్నే పిచ్చోని లెక్క కొట్లాడుతున్న!"

ఈదమ్మ ఆ పుస్తకం తీసి, నలిగిన పేజీ చేత్తో సాపు చేసి, టీవీ మీద పెట్టింది. వనిత మొగుడి వైపు చూసిన చూపు గురించి రాయకపోవడమే మంచిది.

మరో నాలుగు రోజులకు పరమేష్ కాలేజీ గేటు దాకా పోయి, టెస్టర్ ఇంట్లో మర్చిపోయానని గుర్తొచ్చి వెనక్కి తిరిగాడు. ఇంటికి వచ్చేసరికి ఎనిమిది కావడానికి ఇంకా ఐదు నిమిషాలున్నాయి. తల్లి వంతు ఇంకా అయిపోలేదు.

తలుపు బార్లా తెరిచి ఉంది. హాలు ఎర్రగా వెలుగుతోంది. కుర్చీలో మల్లేశయ్య, అంగీ విప్పి ఒళ్ళో పెట్టుకుని, నల్లద్దాలు పెట్టుకుని, భుజం లైటుకు అప్పగించి కూర్చున్నాడు. ఈదమ్మ వంటింటి గడప దగ్గర నేల మీద ఉంది. తల మీద నిండా కొంగు, చాపిన కాళ్ళ మీద వేళ్ళ దాకా చీర. పక్కన ఖాళీ చాయ్ గ్లాసు.

"వచ్చినవా? చారాణ గూడ లేదురా ఇయ్యాల" అన్నాడు మల్లేశయ్య సంతోషంగా.

"అమ్మ వంతు ఏది పెద్దబాపూ?"

"ఏమో. నేను వాకిట్ల దగ్గంగనే లేస్తది గద. చాయ్ పెట్టనీకి పోతది. కుర్సీ ఉత్తగ ఉంటదని నేను కూసుంట."

"రోజూనా?"

"రోజూ" అన్నాడు మల్లేశయ్య. అంతలో ఏదో తట్టినట్టు నల్లద్దాలు తీశాడు.

తమ్ముడి భార్య ఉన్న ఇంట్లోకి వచ్చేటప్పుడు ఆ తరం మగవాళ్ళు దగ్గి వస్తారు. భర్త అన్న దగ్గు వినబడగానే ఆ తరం ఆడవాళ్ళు లేచి కొంగు కప్పుకుంటారు, ఆయన ముందు కుర్చీలో కూర్చోరు. ఆయన మర్యాద ఆయన చేశాడు, ఈమె మర్యాద ఈమె చేసింది. మధ్యలో దాదాపు నెల రోజులు అంత గొప్ప లైటు ఈదమ్మ మోకాళ్ళకు తగలనే లేదు.

పరమేష్‌కు ఒళ్ళు మండిపోయింది. పెద్దమనిషి ఉన్నాడన్న సోయి కూడా లేకుండా అరిచాడు. "ఇంకా పద్దెనిమిది దినాల్ల బడి తెరుస్తరు! నెల దినాలు ఆగం చేసినవ్! నాకొక్క మాట చెప్పొద్దా?"

ఈదమ్మ కళ్ళతోనే బావ వైపు సైగ చేసి, ఆగమంది. మల్లేశయ్య అంగీ తొడుక్కున్నాడు. "నాకు తెల్వదురా పరమేషు. తెలిస్తే వస్తునా" అని తలవంచుకుని వెళ్ళిపోయాడు. ఆయన వాకిలి దాటాక గానీ ఈదమ్మ నోరు తెరవలేదు.

"ఏం జెప్పాలెరా? బావను రావద్దను అని జెప్పాల్నా? పిలిచింది నువ్వాయె."

"పెద్దబాపు దగ్గేదాకనన్న కూసుంటివి గద! అప్పుడన్న తగ్గాలె కొంచెం!"

"కూసున్న. చీర కిందికి ఇడిసే కూసున్న."

"జరపమని రోజు చెప్పిన గదనే!"

"తలుపు బార్ల ఉంటది. పాలాయన వస్తడు, ఎదురింటి సక్కుబాయి వస్తది, బజార్ల పోయేటోళ్ళంత ఇంట్లెకే సూస్తరు. గంత ఎర్ర ఎల్తురు పెట్టి, నడింట్ల, నేను మోకాళ్ళు బయటవెట్టుకోని కూసోవాల్నా? మీ బాపు గూడ పగటిపూట నా మోకాళ్ళు సూడలేదురా!"

ఈదమ్మ గోడ పట్టుకుని, పళ్ళ బిగువున మెల్లగా లేచి నిలబడింది.

"చీర జరుపు అని జెప్పి నువ్వే గోడ దిక్కు తిరుగుతవ్. కన్నకొడుకువు, నీకే సిగ్గాయె. నాకుండదా? నెల దినాలు ఫోన్ల ఎన్నెన్నో సూసినవ్ బిడ్డా. ఏడ కూసుంటవ్ అమ్మా అని నన్ను ఒక్క దినమన్న అడిగినవా?"

టైమరు బీప్‌మని ప్యానెల్ ఆగిపోయింది. కింద కుర్చీ కాళ్ళ గుర్తులు, పాతవీ కొత్తవీ, ఎనిమిదీ కనబడుతున్నాయి. పరమేష్‌కు వాటిని చూస్తే అసహ్యమేసింది.

ఆ రోజు కాలేజీకి సెలవు చెప్పి, వైరు కట్ట తెచ్చి, పడకగది ప్లగ్గుకు ఎర్తింగ్ లాగాడు. సాయంత్రం వనిత వచ్చి చూసింది.

"ఎంతసేపు పట్టింది?"

"గంటన్నర."

"ఎన్మిదేండ్ల సంది అడిగిన పని" అంది వనిత. ఇంకో మాట అనలేదు. అంటే బాగుండునని పరమేష్‌కు అనిపించింది.

మర్నాడు పడకగదిలో కుర్చీ వేసి, దూరం కొలిచి, తల్లిని పిలిచి అతను బయటికొచ్చేశాడు. లోపలి నుంచి గడియ పడలేదు.

"గడియ పెట్టుకో అమ్మా."

"పట్టపగలు గడియ పెట్టుకుంటే ఏమనుకుంటరురా?"

"ఏమన్న అనుకోని!"

చాలాసేపటికి గడియ కిర్రుమంది. ఎనిమిదేళ్లలో దానికెవరూ నూనె వేసిన పాపాన పోలేదు. వాకిట్లో మల్లేశయ్య కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. ఆ పొద్దటి నుంచి రోజూ ఈదమ్మ బయటికొచ్చేదాకా ఆయన గడప తొక్కలేదు. సక్కుబాయి చక్కెర కోసం వస్తే, "ఆగు. లైటు కాడ ఉన్నది" అని బయటే ఆపేశాడు.

మోకాళ్ళు మొదటిసారి లైటు చూశాయి. డాక్టరు చెప్పిన వ్యాయామం కూడా అసలు అప్పుడే మొదలైంది. వెల్లకిలా పడుకుని కాలు పైకెత్తమంటే హాల్లో ఆమె జానెడైనా ఎత్తేది కాదని, ఎందుకెత్తలేదో కూడా, పరమేష్‌కు ఇప్పుడు అడగకుండానే తెలిసింది. పద్దెనిమిది రోజుల్లో అద్భుతాలేమీ జరగలేదు. బారాణ పోయి ఆఠాణ అయింది. అది లైటుదో, వ్యాయామానిదో, రెండిటిదో. పరమేష్ ఈసారి ఎవరికీ ఏమీ వివరించలేదు.

బడి తెరిచిన రోజు అతను డ్యూటీకి ఆలస్యంగా వస్తానని ఫోన్ చేసి, బడి ప్రహరీ పక్కన బండి ఆపి నిలబడ్డాడు. వంట షెడ్డు అక్కడికి కనబడుతుంది. ఈదమ్మ పప్పు గిన్నె ముందు గొంతుక్కూర్చుంది. హెడ్మాస్టరు వరండాలో చేతులు కట్టుకుని చూస్తున్నాడు. ఈదమ్మ గంటె తిప్పింది, ఉప్పు వేసింది, రుచి చూసింది. తర్వాత ఒక చెయ్యి మోకాలి మీద, ఒక చెయ్యి గోడ మీద పెట్టి, పళ్ళు బిగబట్టి లేచింది. నెమ్మదిగానే లేచింది, కానీ ఎవరూ రెక్క పట్టలేదు.

"రేపు గుడ్ల దినం పెద్దమ్మా, జల్ది రా" అని హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళిపోయాడు. పరమేష్ బండి స్టార్ట్ చేయబోయి తాళం చెవి రెండుసార్లు కింద పడేశాడు.

సాయంత్రం ఈదమ్మ ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, పొద్దున తొందరలో లైటు ముందు కూర్చోలేదంటూ నేరుగా పడకగదిలోకి పోయింది. గడియ పడింది. పదిహేను నిమిషాలకు టైమరు బీప్‌మంది. తలుపు తీయలేదు. ఇంకో పావుగంట గడిచింది. పరమేష్ చార్జరు లోపలే ఉంది. ఫోన్ చచ్చిపోతోంది. అతనిలో పాత విసుగు మళ్ళీ లేచింది.

"అమ్మా! టైమ్ అయిపోలేదా? ఎక్కువసేపు పెడితే మంచిది గాదని ఎన్నిసార్లు చెప్పాలె?"

"లైటు ఎప్పుడో బందైంది బిడ్డా."

"మరి ఏం జేస్తున్నవ్ లోపట?"

"ఏం లేదు. ఉత్తగ కూసున్న."

పరమేష్ తలుపు కొట్టడానికి చెయ్యెత్తాడు. లోపలి నుంచి మళ్ళీ ఆమె గొంతు వినబడింది, ఈసారి కొంచెం మెల్లగా.

"అరవై ఏండ్లకు నాకొక తలుపు దొరికిందిరా. జర సేపు కూసోనియ్యి."

ఎత్తిన చెయ్యి దించేసి పరమేష్ హాల్లోకి వచ్చాడు. పిల్లలు టీవీ చూస్తున్నారు. రిమోట్ తీసుకుని సౌండు తగ్గించాడు.